పెగడపల్లి నుంచి బాసరకు ఒక సందుగ

ప్రయాణానికి రెండు రోజుల ముందే సందుగ వాకిట్లోకి వచ్చింది. లేత నీలం రంగు రేకు సందుగ. మూత మీద ఎర్ర గులాబీ బొమ్మ, రెండు పక్కల ఇనుప పిడులు, ముందర గొళ్లెం. మా మరదలు జగిత్యాలకు పోయి, నాలుగు దుకాణాలు తిరిగి, గొళ్లెం లాగి లాగి చూసి మరీ కొన్నది. పల్లెలో కొత్త సందుగ ఊరికే రాదు. అది కనబడగానే వాడకట్టు అంతా ఒక్కొక్కరుగా వచ్చి మూత ఎత్తి లోపలికి తొంగి చూసిపోయారు.

తమ్ముని బిడ్డకు బాసర ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చింది. పదో తరగతి మార్కులతోనే పిల్లలను తీసుకుంటారు. ఇంటర్‌కు బదులు రెండేళ్లు పీయూసీ, ఆ తర్వాత నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు అక్కడే. పల్లెల్లో చదువుకున్న పిల్లల కోసమని 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ఈ మూడింటినీ పెట్టారు. రాష్ట్రాలు వేరయ్యాక మన వాటాకు బాసర ఒక్కటే మిగిలింది. ఆరేళ్ల లెక్క వినగానే మా అవ్వ అన్నది: "గట్లయితే సందుగ ఇంకింత పెద్దది తేవాల్సుండె."

సర్దుడు మొదలైంది. సర్దేది వాకిట్లో, సర్దించేది దుబాయిలో. తమ్ముడు అక్కడికి పోయి పద్నాలుగేళ్లు. మా వాడలో గల్ఫు మొహం చూడని ఇండ్లు తక్కువ, పెట్టె కట్టే విద్యలో మావాళ్లకు సాటి వచ్చేవాళ్లు ఇంకా తక్కువ. అట్టపెట్టెకు నైలాను తాడు నిలువునా అడ్డంగా వలలాగా అల్లి, ఎక్కడ పట్టుకుని లేపినా జారకుండా ముడి వేస్తారు. నాలుగు దిక్కులా పేరు, ఊరు, ఫోను నంబరు లావు అక్షరాలతో రాస్తారు. తమ్ముడు వీడియో కాల్‌లో అదే విద్యను కూతురుకు అప్పజెప్పుతున్నాడు. "అడుగుకు బరువుది పెట్టు. సందుల్ల సాక్సులు కుక్కు. తొక్కు డబ్బ మూతకు కవరు సుట్టి రబ్బరు ఎయ్యి, మళ్ల ఇంకో కవరు." ఫోను ఒక పక్క పట్టుకున్న మరదలు చెయ్యి నొచ్చి, అప్పుడప్పుడు తమ్మునికి బదులు మా ఇంటి దూలం కనబడుతున్నది.

పోయినసారి వచ్చినప్పుడు వాడు తెచ్చిన చిన్న కాంట ఒకటి ఇంట్లో ఉంది. కొక్కేనికి సంచి తగిలించి పైకి ఎత్తితే ఎన్ని కిలోలో చూపుతుంది. దానికి సందుగను తగిలించి నేనూ పక్కింటి పిల్లగాడూ కలిసి లేపితే ముప్పై నాలుగు చూపింది.

"ముప్పై దాటద్దు," అన్నాడు తమ్ముడు, అలవాటు కొద్దీ.

"బాపూ, నేనెక్కేది ఇమానం కాదే, బస్సు," అని పిల్ల పకపక నవ్వింది.

వాడు నవ్వలేదు. "బస్సుకు ఎక్కిచ్చెటోళ్లు మస్తుమంది ఉంటరు బిడ్డా. ఆడ దిగినంక ఎవ్వలుండరు. నువ్వొక్కదానివి లేపలేనిది ఏదీ కట్టద్దు."

సందుగను మళ్లీ విప్పారు. ముందు బయటికి వచ్చింది మా అవ్వ అడుగున పెట్టించిన బియ్యం మూట. మెస్సులో అన్నం పెడతారని ఎంత చెప్పినా, "ఏ బియ్యమో ఏందో" అని ఆమె పట్టు. బియ్యం పోయిందన్న కోపానికి ఆ రాత్రి సకినాలు, నువ్వుల ముద్దలు బకెట్టు నిండా నింపి పైన చెద్దరు కప్పి ఊరుకుంది.

ఆ బియ్యం మూట చూస్తే నాకు 1984 గుర్తుకొచ్చింది. డిగ్రీకి నేను కరీంనగర్ పోయిన ఏడు. హాస్టల్లో చోటు దొరకని ఊళ్ల పిల్లలం నలుగురైదుగురం కలిసి గది కిరాయికి తీసుకుని వండుకునేవాళ్లం. అందుకని సామాను అంటే బట్టలు, పుస్తకాలు మాత్రమే కాదు, ఒక చిన్న కాపురం. బియ్యం, పప్పు, గిన్నెలు, బొంత, వత్తుల స్టవ్వు. అప్పట్లో ఎర్ర బస్సుకు వెనకాల నిచ్చెన ఉండేది. దాన్ని పట్టుకుని పైకెక్కి, టాపు మీద కోళ్ల గంపలకూ కూరగాయల మూటలకూ నడుమ నా గోనె సంచిని నేనే ఇరికించాను. తెలివైన పని ఒకటి చేశాను. స్టవ్వు వేరే పట్టుకోవడం ఎందుకని బియ్యం సంచిలోనే పెట్టాను. అందులో కిరసనాయిలు అడుగున ఒక గిద్దెడు మిగిలి ఉందని దిగినాక తెలిసింది. కడిగినా, ఎండబెట్టినా ఆ వాసన పోలేదు. పారబోయడానికి మనసు రాక నెల రోజులు ఆ అన్నమే తిన్నాం. నాతో గదిలో ఉన్నవాళ్లలో ఒకాయన ఇప్పటికీ కనబడితే, "ఏమన్నా, స్టవ్వు బాగుందా?" అని అడుగుతాడు.

ఆ రోజుల్లో ఇంకో రవాణా కూడా నడిచేది. ఊళ్లో పొద్దున వండి టిఫిను గిన్నె బస్సు డ్రైవరు చేతికి ఇస్తే, కొడుకు బస్టాండులో నిలబడి అందుకునేవాడు. రసీదు లేదు, రుసుము లేదు, పండక్కి ఒక పొట్లం ఇస్తే అదే లెక్క. గిన్నె మూత మీద మేకుతో గీకిన పేరే చిరునామా. మరునాడు అదే బస్సుకు ఖాళీ గిన్నె తిరిగి వెళ్లేది. కడగకుండా పంపినవాడి సంగతి ఊరంతా తెలిసేది.

2020 జూన్‌లో ఆర్టీసీ కార్గో సేవ మొదలుపెట్టాక ఆ పనికి కౌంటరూ, తూకమూ, రసీదూ వచ్చాయి. ఇప్పుడు హైదరాబాదు హాస్టళ్లలో ఉన్న పిల్లలకు మా వైపు నుంచి తొక్కులు ఆ దారినే పోతున్నాయి. పిల్ల ముందు బట్టలతో పోయి, గది దొరికాక మిగిలిన బరువంతా కార్గోలో తెప్పించుకుంటే సుఖమని నేను చెప్పి చూశాను. మరదలికి నచ్చలేదు. సందుగ వెంట లేకుండా బిడ్డను పంపితే ఏమన్నా బాగుంటదా అన్నది. మాట్లాడి పెట్టమంటారా అని ట్రాలీ ఆటో అతను వచ్చాడు. అతను చెప్పిన కిరాయికి ఇంకో రెండు సందుగలు కొనవచ్చు. రైలూ ఉంది. పెద్దపల్లి నుంచి మొదలైన లైను ఏళ్లకేళ్లు కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి అంటూ ముక్కలు ముక్కలుగా సాగి 2017లో నిజామాబాద్‌కు కలిసింది. కానీ లింగంపేట స్టేషనుకు సందుగను చేర్చడం, అక్కడ దించి ఎక్కించడం, నిజామాబాద్‌లో మళ్లీ అదే పని. రైలు వేళకూ మా వేళకూ పొత్తు కుదరలేదు. చివరికి బస్సే ఖాయమైంది.

పొద్దున ఆరున్నరకు పల్లెవెలుగు. ఊరంతా ఒక చెయ్యి వేయడంతో సందుగ తనంతట తానే ఎక్కినట్టు ఎక్కింది. వెనక సీటు ముందు ఖాళీలో దాన్ని నిలబెట్టి, వానకాలం కదా అని యూరియా బస్తా విప్పి పైన కప్పాను. ఎక్కే ముందు మరదలు తాళం చెవిని నా అంగీ జేబులో వేసింది. "పిల్ల ఎక్కడన్న పారేస్తది బావా, మీ దగ్గర్నే ఉండనియ్యి."

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు టికెట్టు లేదు గనుక కండక్టరు తల్లీబిడ్డలకు సున్నా టికెట్లు కొట్టి, నా దగ్గర మాత్రం డబ్బులు తీసుకున్నాడు. రెండు స్టేజీలు దాటాక ఒక ముసలమ్మ ఎక్కింది. చుట్టూ చూసి, సీటు లేక, సందుగ మీదనే కూర్చుంది. కూర్చున్నాక కిందికి చూసుకుని, గులాబీ పువ్వును చేత్తో తడిమి, "సారె సందుగనా? పిల్లను అత్తగారింటికి తోల్కపోతున్నరా?" అని అడిగింది.

"కాదమ్మా, సదువుకు పోతున్న," అన్నది పిల్ల.

"ఎన్నొద్దులు?"

"ఆరేండ్లు."

"అత్తగారిల్లే నయ్యం కదనే, పండుగకన్న తోల్కొస్తరు," అని ముసలమ్మ పెద్దగా నవ్వింది. మరదలు కిటికీ వైపు తిరిగింది. నిజానికి మా ఇళ్లల్లో ఆడపిల్ల పేరున సందుగ కొన్నది అంతకు ముందు ఎప్పుడూ పెళ్లికే. మా అవ్వ సందుగ ఇంకా అటక కింద ఉంది, అందులో ఇప్పుడు విత్తనాలు దాస్తున్నాం.

జగిత్యాలలో దిగి నిజామాబాద్ బస్సు కోసం ఆ చివరి నుంచి ఈ చివరికి మోసేటప్పుడు తమ్ముని మాట విలువ తెలిసింది. ముప్పై కిలోలు కాంట మీద ముప్పైనే. బస్టాండులో, బురదలో, బస్సు కదలబోతుంటే అది అరవై. ఒక పిడి నేను, ఒక పిడి పిల్ల పట్టుకున్నాం. రేకు అంచు నా మోకాలికి కొట్టుకుంటూ వచ్చింది. ఆ నల్లమచ్చ పది రోజులున్నది.

అక్కడి నుంచి జాతీయ రహదారి 63. కోరుట్ల, మెట్‌పల్లి, కమ్మర్‌పల్లి, మోర్తాడ్. దారి పొడుగునా పసుపు నేలలు. జూలై గనుక బోదెల మీద పసుపు మొలకలు అప్పుడప్పుడే ఆకు విప్పుతున్నాయి, నడుమ నడుమ మక్క చేన్లు. మా వైపు పొలాలకు వచ్చే నీళ్లు శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువలో ఈ వైపు నుంచే దిగి వస్తాయి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. నీళ్లు వచ్చిన దారికి ఎదురుగా మేము పోతున్నామని పిల్లకు చెప్పాను. "నీళ్లకు సందుగ లేదు కద పెద్దబాపూ," అని చెవుల్లో వైర్లు పెట్టుకుంది.

పెర్కిట్ దాటి ఆర్మూరు వచ్చేసరికి సిద్ధులగుట్ట కనబడింది. ఎవరో పేర్చి వదిలేసినట్టు నల్లటి గుండ్లు ఒకదాని మీద ఒకటి. వాటి సందుల్లోనే నవనాథ సిద్ధేశ్వరుడు. ఆ తర్వాత అంకాపూర్. నాటుకోడి కూరకు పేరుపడ్డ ఊరు. అక్కడ వండిన కోడి హైదరాబాదు దాకా పార్శిలు పోతుందని చెబితే పిల్ల ఒక చెవి వైరు తీసి, "మా హాస్టలుకు గూడ వస్తదా?" అని అడిగింది.

నిజామాబాద్‌లో పరుపు, దిండు, ఇంకో బకెట్టు కొన్నాం. ఇంటి నుంచి పరుపు మోసుకు రాకపోవడం ఈ ప్రయాణం మొత్తంలో మేము చేసిన ఒకే ఒక్క మంచి పని. ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను: మెత్తగా ఉండి చోటు ఆక్రమించేవన్నీ కాలేజీకి దగ్గరి పట్నంలో కొనండి, ఇంటి నుంచి ఇంటివే తెచ్చుకోండి. మా అవ్వ సకినాల బకెట్టు అప్పటికి సగం ఖాళీ అయ్యింది. ముసలమ్మకు కొన్ని, కండక్టరుకు కొన్ని, మాకు కొన్ని.

బాసర బస్సులో మా ముందు సీట్లో ఒక కుటుంబం. మూడేళ్ల పిల్లవాడు ఒళ్లో కొత్త పలక పెట్టుకుని బలపం కొరుకుతున్నాడు. జ్ఞాన సరస్వతి దగ్గర అక్షరాభ్యాసానికి పోతున్నారు. వాడి సామాను మొత్తం ఆ పలకా బలపమే. వాడు మా సందుగను, దాని మీది పరుపును, బకెట్లను చాలాసేపు నోరు తెరుచుకుని చూశాడు. వాళ్లమ్మ మా మరదలిని అడిగింది: "మీ పాపకూ బాసర్లనే దిద్దిచ్చిండ్రా?" మరదలు అవునన్నది. అది అబద్ధం. మా పిల్లకు ఊరి బడిలో సారు వేలు పట్టి దిద్దించాడు, బియ్యంలో. నేనేమీ అనలేదు.

యంచ దాటాక గోదావరి. వంతెన మీద బస్సు కాస్త మెల్లగా పోతుండగా కిటికీల్లోంచి రూపాయి బిళ్లలు పడ్డాయి. పక్కన రైలు వంతెన. శ్రీరాంసాగర్ వెనక నీళ్లు ఇక్కడి దాకా నిలబడతాయి. ఈ నీళ్లే దిగువకు పోయి, కాలువ పట్టి, ఏదో ఒక రోజు మా మడిలోకి వస్తాయి. మరదలు కొంగు ముడి విప్పి బిళ్ల తీసింది కానీ, విసిరేలోపు వంతెన దాటిపోయింది.

బాసరలో దిగి ఆటో మాట్లాడుకున్నాం. కాలేజీ దారిలో అంతా మా లాంటివాళ్లే. నీలం సందుగలు, ఆకుపచ్చ సందుగలు, చక్రాల సూట్‌కేసులు, ప్లాస్టిక్ బకెట్లు. ఒకాయన నెత్తి మీద చుట్టిన పరుపుతో నడుస్తున్నాడు, మొహం కనబడటం లేదు, వెనక బిడ్డ చెయ్యి పట్టుకుని దారి చూపుతున్నది. ఒక పెట్టె మీద నైలాను తాడు వల అల్లిక చూసి, వాళ్లింట్లోనూ ఎవరో గల్ఫులో ఉన్నారనుకున్నాను. అడిగితే నిజమే, వాళ్ల నాన్న మస్కట్‌లో ఉన్నాడట.

హాస్టలు గుమ్మం దాకానే మేము. అక్కడి నుంచి లోపలికి పిల్లే మోసుకుపోవాలి. ఒకసారి రెండు చేతులా లేపి చూసింది. లేచింది. నాలుగు అడుగులు వేసి దించింది, మళ్లీ లేపింది. ఇంతలో పెద్ద క్లాసు పిల్లలు ఇద్దరు వచ్చి చెరో పిడి పట్టుకున్నారు. వరండా మలుపులో గులాబీ పువ్వు ఒకసారి కనబడి మాయమైంది. పిల్ల వెనక్కి తిరిగి చెయ్యి ఊపిందో, చెమట తుడుచుకుందో తెలియలేదు.

తిరుగు బస్సులో మా చేతుల్లో ఏమీ లేదు. యూరియా బస్తా మడత ఒక్కటి నా ఒళ్లో ఉంది. మరదలు యంచ దాకా మాట్లాడలేదు. నవీపేట వస్తుండగా ఫోను మోగింది.

"పెద్దబాపూ, తాళం చెవి?"

అంగీ జేబు తడిమాను. ఉంది. బట్టలు, దువ్వెన, సబ్బు, సర్టిఫికెట్లు, అన్నీ ఆ రేకు లోపల, అది తెరిచే గింజంత ఇనుము నా గుండెల మీద. మరదలు నా మొహం చూసి విషయం పట్టేసింది. పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా.

నవీపేటలో దిగి రోడ్డుకు ఆ పక్క నిలబడ్డాం. బాసర బస్సుకు అరగంట ఉందని కొట్టతను చెప్పాడు. చూస్తే మరదలు పక్కన లేదు. బండి దగ్గర రెండు డజన్ల అరటిపండ్లకు బేరం ఆడుతున్నది.

"ఎట్లాగూ పోతనే ఉన్నం గద బావా, ఉత్త చేతులతోని ఎట్ల పోతం?"