మారేడ్‌పల్లి కిటికీకి పోచంపల్లి పరదా

మా వెస్ట్ మారేడ్‌పల్లి ఎప్పుడైనా చూశారా? ఒకప్పుడు పెంకుటిళ్ళు, పెరట్లో మామిడిచెట్లు, వరండాలో చల్లటి నీడ. ఇప్పుడు ఆ ఇళ్ళ చోట చాలావరకు అపార్ట్‌మెంట్లు లేచాయి. చెట్లు పోయాక పడమటి ఎండ నేరుగా హాల్లోకే వచ్చి కూర్చుంటోంది!

ఆ ఎండకు బలైపోయినవి నా కర్టెన్లు. చీటీ డబ్బులు రాగానే ముచ్చటపడి తళతళలాడే బట్ట కొన్నాను. రెండో వేసవికే మడతల దగ్గర రంగు వెలిసి, ఉతికితే పర్రున చిరిగింది. మావారు ఒక్కమాటా అనలేదు. నాకే ప్రాణం ఉసూరుమంది. పక్కనే దివాన్ మీద మా అత్తయ్యగారి వరంగల్ జంపఖానా ముప్ఫై ఏళ్ళుగా చెక్కుచెదరలేదు మరి!

"బట్ట కంటికి నచ్చితే చాలదమ్మాయ్, చేతికి నచ్చాలి" అన్నారావిడ. ఈసారి ఆవిడనే వెంటబెట్టుకుని జనరల్ బజార్‌కి వెళ్ళాను. ఆవిడ చూసిన పద్ధతి మీరూ గుర్తుపెట్టుకోండి.

బట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. పడుగు, పేక దగ్గరదగ్గరగా ఉంటే గట్టి నేత. రెండు చేతులతో అడ్డంగా లాగండి. పోగులు పక్కకు జరిగితే సోఫాకు పనికిరాదు, కుట్టు దగ్గర విచ్చుకుంటుంది. తడిపిన తెల్ల రుమాలుతో రుద్దితే రంగు అంటుకుంటోందా? వదిలేయండి. పైకి తేలిన పొడవాటి పోగులున్న బట్ట పిల్లలున్న ఇంట్లో వద్దు, గోరు తగిలితే లేచిపోతుంది.

మేము చివరికి పోచంపల్లి చిటికి బట్ట తీసుకున్నాం. ఆ ఊరు మనకు 50 కిలోమీటర్ల దూరంలోనే. 2005లో ఆ నేతకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన వరంగల్ జంపఖానాలకు 2018లో. చిటికిలో నూలును ముందే ముడులు కట్టి, రంగులద్ది, ఆ తరువాత నేస్తారు. అందుకే డిజైన్ రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. వెనక వెలవెలబోతే అది అచ్చువేసిన నకలని అనుమానించండి. నేతన్న ఇంటిల్లిపాది కష్టం ఉన్న బట్ట అది. నకలుకి అసలు ధర ఇస్తే మనమూ మోసపోతాం, వాళ్ళూ నష్టపోతారు.

కొలత సంగతి. కిటికీ వెడల్పుకు రెట్టింపు బట్ట ఉంటేనే కుచ్చిళ్ళు నిండుగా వస్తాయి. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల పొడవు కిటికీకి 48 అంగుళాల పన్నా బట్ట నాలుగు మీటర్లు చాలు. మడతలు, కుంగుడు అన్నీ అందులోనే. డిజైన్ పెద్దదైతే కలుపుకోవడానికి ఇంకాస్త కావాలి. నూలు బట్టను కుట్టించకముందే చన్నీళ్ళలో విడిగా తడిపి, నీడన ఆరేయండి.

ఎంత మంచి రంగైనా ఎండకు కొంత వెలవక తప్పదు. అందుకని వెనక తెల్లటి నూలు లైనింగ్ వేయించాను. అది పాడైనా మార్చుకోవచ్చు, ఖర్చూ తక్కువే.

ఇప్పుడు సాయంత్రం ఎండ మా పరదా దాకా వచ్చి ఆగిపోతోంది. అత్తయ్యగారు దివాన్ మీద కూర్చుని దాన్ని చూసి, "ఇది నీ కోడలి దాకా వస్తుందిలే" అన్నారు. అంతకంటే ఏం కావాలి చెప్పండి!