తెర మీది గోగ్రహణం

యుద్ధంలో శత్రువులను సంహరించడం వేరు, తలపెట్టిన కార్యాన్ని సాధించడం వేరు. మహాభారతంలోని విరాటపర్వం ఈ భేదాన్ని ఎంతో చక్కగా నిరూపిస్తుంది. తిక్కన సోమయాజి తన ఆంధ్రీకరణను ఆరంభించిన పర్వం అదే. మూడు దశాబ్దాలకు చేరువగా ఆ కథను విజయవాడలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు బోధిస్తున్నాను. దానిలోని యుద్ధనీతిని నేటి యువతకు సులభంగా చెప్పడానికి నాకు ఒక కంప్యూటర్ ఆట తోడ్పడింది. కావ్యానికీ కంప్యూటర్ ఆటకూ పొత్తు ఏమిటని సహృదయులు ఆశ్చర్యపడవచ్చు. ఆ పొత్తును వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ ఆట పేరు కౌంటర్ స్ట్రైక్. మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు యువకులు 'హాఫ్ లైఫ్' అనే మరొక ఆటకు అనుబంధంగా 1999లో దీనిని రూపొందించారు. 2000లో వాల్వ్ సంస్థ దీనిని విడిగా విడుదల చేసింది. 2023లో దీనికి 'కౌంటర్ స్ట్రైక్ 2' అనే నూతన రూపం వచ్చింది. ఇందులో పక్షానికి అయిదుగురు ఉంటారు. ఒక పక్షం దాడి చేస్తుంది, రెండవది రక్షిస్తుంది. రంగస్థలంలో 'ఎ', 'బి' అని రెండు చోట్లు ఉంటాయి. దాడి చేసేవారిలో ఒకడి వద్ద బాంబు ఉంటుంది. రెండు నిమిషాలు నిండకముందే దానిని ఆ రెండు చోట్లలో ఒకదానిలో అమర్చాలి. అమర్చిన 40 సెకన్లకు అది పేలుతుంది. రక్షకులు దానిని నిర్వీర్యం చేయాలంటే 10 సెకన్లు పడుతుంది. తగిన పనిముట్టు ముందే కొని ఉంచుకొంటే 5 సెకన్లు చాలు.

మా మేనల్లుడు సెలవులలో మా ఇంటికి వచ్చినప్పుడు మిత్రులతో కలసి ఈ ఆట ఆడుతుంటాడు. ఒకనాడు అతని పక్షంవారు ఎదుటి అయిదుగురినీ పడగొట్టారు. అయినా అతడు తల పట్టుకొని కూర్చున్నాడు.

"అందరూ పడిపోయారు గదరా, ఇంకా విచారమెందుకు?" అని అడిగాను.

"అందరూ పడితే ఏం లాభం మావయ్యా! అప్పటికే బాంబు పెట్టేశారు. దాన్ని తీయడానికి టైము చాల్లేదు. రౌండు వాళ్ళదే" అన్నాడు.

ఆ సమాధానంలో ఈ ఆట మర్మమంతా ఇమిడి ఉంది. బాంబు పేలితే, దాడి చేసినవారిలో ఒక్కడు కూడా మిగలకపోయినా వారిదే గెలుపు. బాంబును అమర్చకుండానే గడువు తీరిపోతే, వారు అయిదుగురూ జీవించి ఉన్నా ఓటమి తప్పదు. పదిమంది ఆడే ఈ ఆటలో గడియారం పదకొండవ ఆటగాడని చెప్పవచ్చు.

ఇక విరాటపర్వానికి వద్దాం. కౌరవులు మత్స్యదేశంపై చేసిన దాడి ఎంత పథకం ప్రకారం సాగిందో గమనించండి. మొదట సుశర్మ దక్షిణ దిశలో గోవులను పట్టాడు. విరాటుడు సేనలన్నింటితో అటు తరలిపోయాడు. మరునాడు కౌరవులు ఉత్తర దిశలో గోవులను పట్టారు. అప్పుడు రాజధానిలో మిగిలిన రాజకుమారుడు ఉత్తరుడొక్కడే. కౌంటర్ స్ట్రైక్ ఆటగాళ్ళు కూడా 'ఎ' వైపు పొగ చిమ్మి, కలకలం రేపి, రక్షకులు అటు పరుగెత్తగానే 'బి' వైపు బాంబును తరలిస్తారు. దీనికి విరుగుడు ఒక్కటే. బాంబు కంటపడేవరకు రెండవ చోటును విడిచిపోని ఓర్పు కొందరికైనా ఉండాలి. విరాటునికి లోపించినది ఆ ఓర్పే.

అర్జునుడు రంగంలోకి వచ్చాక భీష్ముడు కౌరవసేనను విభజించాడు. ఒక పాదం దుర్యోధనునితో హస్తినకు సాగాలి, ఒక పాదం గోవులను తోలుకుపోవాలి, మిగిలిన సగం అర్జునుని ఎదుర్కోవాలి. అర్జునుడు సేనను కలయజూచాడు. ద్రోణుడు, కర్ణుడు, కృపుడు, అశ్వత్థామ అందరూ కనిపించారు గాని దుర్యోధనుడు కనిపించలేదు. వెంటనే సంగతి గ్రహించి, ఎదుట నిలిచిన మహావీరులను విడిచి, రథాన్ని దుర్యోధనుడు పోయిన దిక్కుకు మళ్ళించాడు. గోవులు మరలిన తరువాతనే మిగిలిన యుద్ధం చేశాడు. కర్ణుడు ఎదుట నిలిచి ఉండగా అతనిని విడిచి గోవుల కోసం వెళ్ళడానికి ఎంత నిగ్రహం కావాలో ఆలోచించండి. ఆటలోనూ అంతే. బాంబును అమర్చినవారు ఆ తరువాత వేటకు పోరాదు. దానిని కాచుకొని, రక్షకులే తమ వద్దకు వచ్చేటట్లు చేయాలి.

ఆయుధ ప్రయోగంలో కూడా పోలిక ఉంది. ఆ యుద్ధంలో అర్జునునికి అక్కరకు వచ్చిన వాటిలో ముఖ్యమైనది సమ్మోహనాస్త్రం. అది ఎవరినీ చంపదు, కొంతసేపు మైమరపిస్తుంది. ఈ ఆటలో కన్నులు చెదిరే వెలుగునిచ్చే గుండు, తెరలా కమ్మే పొగ కూడా అటువంటివే. గురి కుదిరిన ఆటగాని కంటె, వేళకు పొగ వేసి సహచరుని దాటించేవాడు ఒక్కొక్కప్పుడు ఎక్కువ మేలు చేస్తాడు. పగలబడి ప్రగల్భాలు పలికి, సేనను చూడగానే పారిపోబోయిన ఉత్తరుని అర్జునుడు తిరస్కరించలేదు. సారథిగా నియమించి, అతనికి తగిన పని అప్పగించాడు.

మరి కౌరవ పక్షం మాటేమిటి? అర్జునుని తానొక్కడే జయిస్తానని కర్ణుడు గొప్పలు చెప్పుకొన్నాడు. కృపుడు, అశ్వత్థామ అతనిని నిందించారు. భీష్ముడు సర్ది చెప్పవలసి వచ్చింది. గడువు తీరకుండా అర్జునుడు బయటపడ్డాడని, పాండవులు మళ్ళీ అడవులకు పోవలసిందేనని దుర్యోధనుడు ఆశపడ్డాడు. భీష్ముడు అధికమాసాలు లెక్కించి, గడువు తీరిపోయిందని తేల్చాడు. గోవులూ పోయాయి, గడువూ పోయింది. అంతటి మహారథులున్న పక్షం సాధించినది శూన్యం.

పద్మవ్యూహ ఘట్టం దీనికి మరొక నిదర్శనం. సంశప్తకులు అర్జునుని దూరంగా తీసుకుపోయారు. అభిమన్యుడు వ్యూహాన్ని ఛేదించి చొచ్చుకుపోయాడు. వెన్నంటి రావలసిన భీమాదులను సైంధవుడు ద్వారం వద్ద నిలువరించాడు. ఈ ఆటలో ముందుగా ద్వారం దాటేవాని వెనుకనే రెండవవాడు ఉండాలన్నది మొదటి పాఠం. ముందువాడు పడిపోయినా, పడగొట్టినవానిని మరుక్షణమే రెండవవాడు పడగొట్టాలి. ఆ రెండవవాడు ఆలస్యం చేస్తే ముందువాని శౌర్యం వృథా అవుతుంది.

ఆటలో ధనం ఉన్నవాడు లేనివానికి ఆయుధం కొని ఇవ్వవచ్చు. గెలిచే జట్లలో ఇది నిత్యం కనిపిస్తుంది. ఆట ముగిశాక పట్టికలో ఎవరు ఎందరిని పడగొట్టారో అంకెలు ఉంటాయి. తోటివానికి తుపాకి ఇచ్చినవాని త్యాగానికి అందులో అంకె లేదు. మా మేనల్లుని జట్టులో ఆ పట్టికలో ఎప్పుడూ అడుగున ఉండే కుర్రవాడు ఒకడున్నాడు. అతడు లేనినాడు తాము ఆడబోమని మిగిలినవారు అంటారు.

మన ఊరి చరిత్రలో ఇటీవలి ఘట్టం ఒకటి ఇక్కడ స్మరించదగినది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగర్ పరిసరాలు నీట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించింది. బుడమేరు మళ్ళింపు కాలువకు పడిన మూడు గండ్లు పూడితే గాని నగరంలోకి నీరు రావడం ఆగదు. కొందరు పడవలపై వీధులలో తిరిగి జనాన్ని తరలించారు, కొందరు అన్నపు పొట్లాలు అందించారు. గండ్ల వద్ద ఇంజనీర్లు, కూలీలు, సైనికులు వర్షంలో రాత్రింబవళ్ళు శ్రమించారు. సెప్టెంబరు 7న మూడవ గండి కూడా పూడింది. అగ్నిమాపక శకటాలు వచ్చి ఇళ్ళలోని బురదను కడిగాయి. ఎవరు ఎన్ని రాళ్ళు వేశారో ఎవరూ లెక్కించలేదు. గండి పూడిందా లేదా అన్నదే అందరూ అడిగిన ప్రశ్న.

ఈ మాటలు ప్రత్యేకించి ఇంటర్మీడియట్ విద్యార్థులకు చెప్పడానికి కారణం ఉంది. విజయవాడలో చదువుకొనే విద్యార్థి రెండేళ్ళపాటు తన పేరు పక్కన ఉండే ర్యాంకునే చూసుకొంటాడు. పక్క బల్లపై కూర్చున్న మిత్రునికి ఒక లెక్క నేర్పితే తన ర్యాంకు తగ్గుతుందేమోనని శంకిస్తాడు. పరీక్ష రాసేటప్పుడు ఎవరి కలం వారిదే, నిజమే. కాని చదువు ముగిశాక వంతెన కట్టినా, వైద్యం చేసినా, కాలువ చివరి చేనుకు నీరు చేర్చినా, ఏ పనీ ఒక్కడి వల్ల కాదు. అక్కడ పక్కవాని చేతిలో లేని పనిముట్టును అందించడం తెలిసినవాడే అవసరమవుతాడు. దానిని ఏ ప్రశ్నపత్రమూ పరీక్షించదు.

కంప్యూటర్ ఆటలకు బానిసలు కమ్మని నా అభిప్రాయం కాదు. తుపాకుల ఆటలో హింస ఉంది. నిద్రను, చదువును హరించే ఆట ఏదైనా హానికరమే. గడువు విలువ నేర్పే ఆటకు కూడా మనమే గడువు విధించాలి. అయితే ఆడేవారు ఎలాగూ ఆడుతున్నారు గనుక, ఆడుతూ ఏమి నేర్చుకొంటున్నారో గమనించడం మంచిది.

ఇంద్రకీలాద్రిపై అర్జునుడు తపస్సు చేసి పాశుపతాన్ని పొందాడని మన స్థలపురాణం చెబుతుంది. ఉత్తరునికి తన పది పేర్లు వివరిస్తూ అర్జునుడు చెప్పిన వాటిలో విజయుడు ఒకటి. ఆ పేరుతో ముడిపడిన ఊరిలో చదువుకొంటున్న మీరు, ఏ పనికి పూనుకొన్నా, ఏ జట్టులో చేరినా, మొదట మీలో మీరు ఒక ప్రశ్న వేసుకోండి: ఇక్కడ మరలించవలసిన గోవులు ఏవి? సమాధానం దొరికిన తరువాతనే విల్లు ఎక్కుపెట్టండి.