మొలతాడుకి తాళంచెవి

అల్లుడు కంప్యూటర్ ముందు కూర్చుని నీటి బిల్లు కడుతున్నాడు. పక్కన కాఫీ తాగుతున్న మామగారి చూపు తెరమీద ఓ నక్షత్రం బొమ్మ దగ్గర ఆగింది. డాలస్ శివార్లలోని ఆ ఊరి మున్సిపాలిటీ వెబ్‌సైట్ అది.

‘ఇదేంటి బాబూ, హోటళ్లకి ఇచ్చినట్టు ఊరికి స్టార్ ఇచ్చారు?’

‘లెక్కలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టినందుకు మావయ్యగారూ. రాష్ట్ర ప్రభుత్వం ఇస్తుంది.’

ఆయన కప్పు కింద పెట్టేశారు. గుంటూరు జిల్లా పల్లెల్లో ముప్ఫయ్యేళ్లు పంచాయతీ కార్యదర్శిగా చేసిన మనిషి. క్యాష్‌బుక్కు, వోచర్లు, తీర్మానాల పుస్తకం... అన్నీ బీరువాలో ఉండేవి. బీరువా తాళంచెవి మొలతాడుకి ఉండేది. లెక్క దాచినవాడే గట్టి ఉద్యోగి అనుకునే రోజులవి. చూపించినందుకు బహుమతి ఏమిటి?

అల్లుడు వివరంగా చెప్పాడు. టెక్సస్ రాష్ట్ర ఖజానా వ్యవహారాలు చూసే కంప్ట్రోలర్ కార్యాలయం 2009లోనే ఇలాంటి గుర్తింపు మొదలుపెట్టింది. 2016 నుంచి దాన్ని ‘ట్రాన్స్‌పరెన్సీ స్టార్స్’గా మార్చింది. నగరాలు, కౌంటీలు, స్కూలు డిస్ట్రిక్టులు ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు. బడ్జెట్, ఖర్చుల పట్టిక, వార్షిక నివేదిక మామూలు మనిషికి అర్థమయ్యేలా పెడితే మొదటి స్టార్. అది వచ్చాకే మిగతా నాలుగింటికి అర్హత: కాంట్రాక్టులు, ఆర్థికాభివృద్ధి, పెన్షన్లు, అప్పులు.

ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు. ఏ తేదీన ఎవరికి ఎంత చెల్లించారో వరసగా చదువుతూ కూర్చున్నారు. డాలర్ల సంగతి తెలియకపోయినా పద్దు సంగతి తెలుసు కదా!

చదువుతుంటే 1994 వేసవి గుర్తొచ్చింది. ఓ వీధికి సిమెంటు రోడ్డు వేయాలని తీర్మానమైంది. ఇంతలో మంచినీళ్ల మోటారు కాలిపోయింది. ఊరంతా బిందెలతో చెరువు దారి పట్టింది. సర్పంచి, ఆయన కలిసి రోడ్డు డబ్బు మోటారుకి పెట్టారు. ఆడిట్‌లో అభ్యంతరం వచ్చింది, జవాబు రాశారు, తీరిపోయింది. కానీ ఆ వీధిలో ఉండే కూలీ ఒకడు పంచాయతీ ఆఫీసుకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. ‘అయ్యా, మా రోడ్డు డబ్బులేమయ్యాయో ఓసారి పుస్తకం చూపిస్తారా?’ అన్నాడు.

‘సర్కారు లెక్కలు నీకెందుకురా?’ అన్నారు ఈయన.

ఒక్క నిమిషం పని. పుస్తకం తిప్పి చూపిస్తే సరిపోయేది. చూపించలేదు. కార్యదర్శి రోడ్డు మింగాడని ఆ వీధివాళ్లు చెప్పుకున్నారు. ఈయన బదిలీ అయ్యాక కూడా చెప్పుకున్నారు. పైసా తినని మనిషికి ఆ బీరువాయే శత్రువైంది. ఆయన మాత్రం ఆ వీధిమీదే కోపం పెట్టుకున్నారు, చాలా ఏళ్లు.

ఆ ఏడాది చివర్లోనే రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఊరి పనుల లెక్కలు జనం మధ్య చదివించడం మొదలుపెట్టింది. 2005 సమాచార హక్కు చట్టానికి బాట వేసినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. అప్పటికి ఈయన రిటైరైపోయారు.

పొద్దున్నే అల్లుడితో వాదన. ‘బాబూ, ఇది చూపించినందుకు స్టారే గానీ, సరిగ్గా ఖర్చుపెట్టినందుకు కాదుగా?’

నిజమే. దుబారా చేసి, ఆ దుబారాని చక్కగా పెట్టినా స్టార్ రావచ్చు. పెట్టకపోతే ఏమవుతుందో మాత్రం కాలిఫోర్నియాలోని బెల్ చూపించింది. నలభై వేల మంది కూడా లేని పేద ఊరు. దాని సిటీ మేనేజర్ ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్ల జీతం తీసుకుంటున్నాడని 2010లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ బయటపెట్టేదాకా ఊరికి తెలియదు. 2014లో అతనికి 12 ఏళ్ల శిక్ష పడింది. ఆ గొడవ తర్వాతే రాష్ట్రంలోని నగరాలు, కౌంటీల జీతాలు ఆన్‌లైన్‌కి ఎక్కాయి.

‘మన ఊరివీ ఉన్నాయి మావయ్యగారూ’ అంటూ అల్లుడు ఈగ్రామ్‌స్వరాజ్ తెరిచాడు. 2020లో వచ్చింది. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ... ఊరి పేరు కనపడగానే పెద్దాయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. రాబడి ఉంది, చెల్లింపులు ఉన్నాయి. పద్దుల పేర్లు ఇంగ్లీషులో. ఆ గుమ్మంలో నిలబడ్డవాడు చదవగలిగేవి కావు.

‘ఇంకా వెనక్కి వెళ్లు బాబూ.’

‘ఎంత వెనక్కి?’

‘తొంభై నాలుగుకి.’

అల్లుడు నవ్వబోయి, మామగారి ముఖం చూసి ఆగిపోయాడు.

కాసేపటికి ఆయనే తెల్లకాగితం అడిగి తీసుకున్నారు. పైన తేదీ వేసి, నిలువుగా గీత కొట్టారు. ఎడమపక్క ‘రోడ్డు పద్దు’, కుడిపక్క ‘మోటారు మరమ్మతు’. అంకెలు గుర్తున్నాయి. సాయంత్రం, అంటే అక్కడ తెల్లవారాక, ఊరికి ఫోన్ చేశారు. ఆ కూలీ లేడు. కొడుకున్నాడు.

‘బాబూ, మీ నాన్న నన్ను ఓ లెక్క అడిగాడు...’