జాడీ అడుగున ఉప్పు

కొత్త నేర చట్టాలు వచ్చాక ఫోరెన్సిక్ ల్యాబులు ఎలా ఉన్నాయో చూసి రాయమని మా సంపాదకుడు పంపాడు. ఊరి పేరు, కేసుల నంబర్లు, మనుషుల పేర్లు రాయకూడదన్న షరతు మీద అనుమతి దొరికింది. పత్తి పండే జిల్లాలో ఒక ప్రాంతీయ ప్రయోగశాల అది. అధికారి మర్యాదస్తుడు. డీఎన్‌ఏ యంత్రం, సెల్‌ఫోన్లు తెరిచే సైబర్ గది, ఘటనా స్థలానికి వెళ్లే వ్యాను, ఈ వరసలో చూపిస్తానన్నాడు. ఆ దారిలోనే టాక్సికాలజీ విభాగం తలుపు తీసి ఉంది. లోపల ఒకావిడ గాజు జాడీని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని ఎవరినో తిడుతోంది. నేను అక్కడే ఆగిపోయాను. మిగతా గదుల గురించి అధికారిగారు రెండుసార్లు గుర్తుచేసి, ఇక ఊరుకున్నారు.

"ఇవి ఉప్పునీళ్లంటరా సార్? జాడీ అడుగుల ఉప్పు కరగకుండ మిగలాలె. అప్పుడే నీళ్లు తాగేంత తాగినట్టు. వీళ్లు చారెడు ఏసి మూత బెడ్తరు. ఇగ లోపల కార్జం ఏమైతది?"

ఏమైందో కనపడుతూనే ఉంది. ముక్కగా రావలసిన కాలేయం జావలా వచ్చింది.

విషం తాగి పోయిన మనిషికి పోస్టుమార్టం చేసినప్పుడు కడుపు, అందులో ఉన్న పదార్థం, కాలేయం ముక్క, రెండు కిడ్నీల్లోంచి సగం సగం తీసి ల్యాబుకి పంపుతారు. దీన్నే విసెరా అంటారు. సంతృప్త ఉప్పు ద్రావణంలో పంపాలి. జాడీని మూడింట రెండు వంతులే నింపాలి, లేకపోతే లోపల పుట్టే వాయువుకి మూత ఎగిరిపోతుంది. వాడిన ఉప్పునీళ్లు కాసిని విడిగా ఇంకో సీసాలో పంపాలి, విషం శరీరంలోదా, ఆ నీళ్లలోదా అన్న ప్రశ్న రేపు కోర్టులో రాకుండా. ఫార్మలిన్ పోయకూడదు, కండ గట్టిపడి విషం బయటికి రాదు. ఇదంతా ఎంబీబీఎస్ పాఠంలో ఉన్నదే. అయినా ఆ విడి సీసా రాని పార్సిళ్లు ఆవిడ బల్ల మీద ఒక పక్కన పెట్టి ఉన్నాయి.

ఆవిడ ఈ పనిలోకి పెళ్లికి ముందే వచ్చారు. పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి, రిటైర్మెంటు దగ్గరపడింది. పార్సిల్ విప్పే పద్ధతి చూడాలి. ముందు భూతద్దంతో లక్క ముద్ర చూస్తారు. పోలీసులు కాగితం మీద వేసి పంపిన నమూనా ముద్రని పక్కన పెట్టుకుని గీతకి గీత సరిచూస్తారు. తర్వాత దారాన్ని ముద్రకి దూరంగా కత్తిరిస్తారు, లక్క పగలకూడదు. ఇంత చేసినా రిపోర్టులో దీనికి దక్కేది ఒక్క వాక్యం, సీళ్లు చెక్కుచెదరలేదని. ఆ వాక్యం లేకపోతే తర్వాతి పేజీలన్నీ చిత్తు కాగితాలు.

ఆ రోజు నేను చూసిన పరీక్ష చిన్నది. కలుపు మందు తాగాడని అనుమానం ఉన్న కేసు. మూత్రం నమూనా గాజు గొట్టంలో పోసి, కాస్త క్షారం కలిపి, సోడియం డైథయోనైట్ పొడి చిటికెడు వేశారు. చూస్తుండగానే గొట్టమంతా నీలం తిరిగింది. పారాక్వాట్. దానికి విరుగుడు లేదు. తాగిన మనిషి మొదటి రోజుల్లో మాట్లాడతాడు, తిరుగుతాడు, బతికాననుకుంటాడు. కిడ్నీలు, ఊపిరితిత్తులు తర్వాత పోతాయి. ఆవిడ గొట్టాన్ని స్టాండులో పెట్టి, పుస్తకంలో సమయం రాసుకుని, పక్కనున్న కుర్రాడితో "ఇది రంగు మాత్రమే బిడ్డా, రుజువు యంత్రం మీద రావాలె" అన్నారు.

అన్ని విషాలూ ఇంత తేలిగ్గా దొరకవు. సల్ఫాస్ బిళ్లల కేసుల్లో ఫాస్ఫీన్ వాయువు కోసం సిల్వర్ నైట్రేట్ తడిపిన కాగితం పెడతారు. నల్లబడితే ఫాస్ఫీన్ ఉన్నట్టు. కానీ కుళ్లిన మాంసం నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌కి కూడా ఆ కాగితం నల్లబడుతుంది. అందుకని లెడ్ ఎసిటేట్ కాగితం ఇంకోటి పెడతారు. మొదటిదొక్కటే నల్లబడితే ఒక మాట. రెండూ నల్లబడితే ఇంకో దారి వెతకాలి. ఉప్పు సరిగ్గా పడని జాడీ ఇక్కడే మోసం చేస్తుంది. తాలూకా ఆసుపత్రిలో ఎవరో చేసిన బద్ధకం ఇక్కడ ఒక నల్ల కాగితమై తేలుతుంది.

పురుగు మందులకి పాత పద్ధతి పల్చటి పొర క్రొమటోగ్రఫీ. సిలికా పూసిన పలక మీద, అడుగుకి కాస్త పైన, సన్నటి గాజు గొట్టంతో చుక్కలు పెడతారు. ఒకటి మోనోక్రోటోఫాస్, ఒకటి క్లోరిపైరిఫాస్, పక్కన విసెరా నుంచి తీసిన సారం, ఆ పక్కన ఉత్త ఉప్పునీళ్లది. ఆవిడ చుక్క పెడుతుంటే సంక్రాంతి పొద్దున వాకిట్లో ముగ్గు చుక్కలు పెట్టే చేయి గుర్తొచ్చింది, అంత సమానంగా, అంత నిదానంగా. కుర్రాడు పెట్టిన చుక్క వెడల్పయింది. "పెద్ద చుక్క పెడితే తోకొస్తది. పెట్టు, ఆరనియ్యి, మళ్లా అదే జాగల పెట్టు" అని తిరిగి చేయించారు. పలకని హెక్సేన్, అసిటోన్ కలిపిన పాత్రలో నిలబెడితే ద్రావకం పైకి పాకుతుంది. ఆరాక పల్లాడియం క్లోరైడ్ చల్లితే క్లోరిపైరిఫాస్ ఉన్నచోట పసుప్పచ్చ మచ్చ తేలుతుంది. సారం నుంచి అదే ఎత్తున అదే మచ్చ తేలితే జీసీ-ఎంఎస్ యంత్రానికి ఏం వెతకాలో చెప్పొచ్చు.

"యంత్రం వచ్చింది కదమ్మా, ఇంకా ఈ చుక్కలెందుకు?" అని అడిగాను.

"మనం ఏం పోస్తే అదే జెప్తది సార్ యంత్రం. మడ్డి పోస్తే మడ్డే జెప్తది" అన్నారు. కొవ్వూ రంగూ వదిలించి శుభ్రమైన సారం తీసేది ఈ చేతులే. 2013 జులైలో బీహార్‌లోని ఛప్రా దగ్గర బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయినప్పుడు వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని తేల్చింది ఇలాంటి ల్యాబే. దేశమంతా ఆ రిపోర్టు గురించి మాట్లాడింది. చుక్క పెట్టిందెవరో ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం కౌంటర్ దగ్గర ఒక కానిస్టేబుల్ కొత్త పార్సిల్ ఇస్తూ పాత దాని గురించి అడుగుతున్నాడు. "పోయిన పత్తి ఏరేటప్పటిది మేడమ్, ఇంక రాలె. ఆ పిల్ల చంటిదాన్ని ఎత్తుకొని ఠాణాకొస్తుంది. మేమేం జెప్పాలె?" ఆవిడ అడిగింది ఒకటే: "మందు డబ్బా పంపిండ్రా?" ఇంట్లోవాళ్లు భయపడి పెంటలో పారేశారట. డబ్బా ఉంటే ఏ మందు కోసం వెతకాలో తెలిసేది.

చనిపోయిన రైతు ఇంటి ఆ పిల్ల ఎందుకు తిరుగుతోందో నాకు తెలుసు. రైతు ఆత్మహత్యలకి పరిహారం ఇవ్వటానికి 2004లో ఉమ్మడి రాష్ట్రం ఇచ్చిన జీవో 421 నాటి నుంచీ అడిగే కాగితాల్లో ఈ ల్యాబు రిపోర్టు ఒకటి. అప్పు ఇచ్చినవాడు ఈ కాగితం కోసం ఆగడు. విషప్రయోగం అనుమానమున్న కేసుల్లో విసెరా వెంటనే పంపాలని, రిపోర్టు తెప్పించాలని 2014లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. పంపటం జరుగుతోంది. విప్పి చూసే చేతులే చాలటం లేదు. ఈ విభాగంలో ఆవిడ తర్వాత పర్మినెంటు ఉద్యోగి లేరు. ఆ కుర్రాడు ఔట్‌సోర్సింగ్. అంతకుముందు నేర్చుకున్నవాడు ఫార్మా కంపెనీకి వెళ్లిపోయాడు. జీతం చూస్తే అతన్ని తప్పుపట్టలేం.

మన దేశంలో మొదటి రసాయన పరీక్షకుల ప్రయోగశాల 1849లో మద్రాసులో పెట్టారు. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. డీఎన్‌ఏ పరీక్ష అనగానే హైదరాబాద్ సీసీఎంబీ, అక్కడి శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గుర్తొస్తారు. గర్వపడాల్సిందే. కానీ ఈ నూటడెబ్బై ఏళ్లకి పైగా చట్టం చూసింది సంతకాన్ని మాత్రమే. పాత సీఆర్‌పీసీ 293వ సెక్షన్, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 329, రిపోర్టుని సాక్ష్యంగా తీసుకోవటానికి డైరెక్టర్, డిప్యూటీ డైరెక్టర్, అసిస్టెంట్ డైరెక్టర్ల హోదాలు చెబుతాయి. సంతకానికి బాధ్యత ఉంది, కాదనను. పని చేసిన చేతికి కనీసం వారసుడైనా ఉండాలి కదా అంటున్నాను.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ 176వ సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. రాష్ట్రాలు సిద్ధం కావటానికి ఐదేళ్ల గడువుంది. మంచి చట్టమే. ప్రతి స్థలం నుంచీ నమూనాలు వస్తాయి. వచ్చినవన్నీ ఏ బల్ల మీదికి చేరతాయి? వ్యాన్లకి జెండా ఊపి ఫొటో దిగొచ్చు. చుక్క పెట్టటం నేర్పే మనిషికి జెండా ఊపే కార్యక్రమం లేదు, అందుకే ఆ పోస్టు ఎవరికీ గుర్తుండదు. ఉస్మానియా లాంటి చోట్ల ఫోరెన్సిక్ సైన్స్ చదివి బయటికొస్తున్న పిల్లలున్నారు. ఆవిడ రిటైరయ్యేలోపు ఇద్దరిని ఆవిడ పక్కన పర్మినెంటు మీద కూర్చోబెట్టాలి. రిటైరయ్యాక కూర్చోబెడితే వాళ్లకి పుస్తకం మాత్రమే మిగులుతుంది.

చదివేవాళ్లకి కూడా ఒక మాట. దేవుడి దయ వల్ల అవసరం రాకూడదు గానీ, వస్తే మందు డబ్బా పారేయకండి, పంచనామాలో రాయించి పోలీసులకి ఇవ్వండి. విసెరా ల్యాబుకి ఏ తేదీన వెళ్లిందో, ఏ నంబరుతో వెళ్లిందో అడిగి రాసిపెట్టుకోండి. ఆ నంబరు చేతిలో ఉన్న మనిషి అడిగితే జవాబు చెప్పక తప్పదు.