పెట్టెలో ఇమడని తేనెటీగ

శీతకాలంలో ఢిల్లీ నుంచి రేవాడీ మీదుగా అల్వర్ వైపు వెళ్ళేవారికి దారికి ఇరువైపులా ఆవచేలు విరగబూచి కనిపిస్తాయి. ఆ చేల గట్ల మీద వరుసగా చెక్కపెట్టెలుంటాయి. పెంపకందారులు లారీలలో తెచ్చి దింపిన తేనెటీగలవి. పూత ముగియగానే మరో పంటను వెతుక్కుంటూ తరలిపోతాయి. వాటిలో అధికభాగం మన దేశవాళీ ఈగలు కావు. 1960ల తొలినాళ్ళలో, ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటా బగ్వాన్‌లో నిలదొక్కుకున్న ఐరోపా జాతి.

2020లో కేంద్రప్రభుత్వం 500 కోట్ల రూపాయలతో జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌ను ప్రకటించింది. మరుసటి సంవత్సరం పెట్టెల నమోదుకు ‘మధుక్రాంతి’ పోర్టల్ వెలసింది. శిక్షణ, తేనె పరీక్షాశాలలు, కల్తీ నివారణ - ఇవన్నీ కావలసినవే. రైతుకు మరో ఆదాయం దక్కితే కాదనేదెవరు? అయితే ఈ పథకం లెక్కపెట్టగలిగేది పెట్టెలను, తేనెను. పెట్టెలేని ఈగ ఏ పద్దు కిందికి వస్తుంది?

కొండ తేనెటీగనే తీసుకుందాం. అది ఒకే ఒక పెద్ద పట్టును ఆరుబయట వేలాడదీస్తుంది. పెట్టెలో పెడితే నిలవదు. ఢిల్లీలోని నీటిట్యాంకులు, పాత కట్టడాల తోరణాలు, ఎత్తయిన బూరుగుచెట్లే దానికి కొండచరియలు. వెన్నెల రాత్రులలో సైతం పూలకోసం తిరుగుతుంది. ఋతువు మారగానే వలసపోయి మళ్ళీ వస్తుంది. వచ్చేసరికి కాలనీ సంఘంవారు పొగబెట్టేవారిని పిలిపిస్తారు. ఆ భయం అకారణం కాదు. గుంపుగా కుడితే ప్రాణంమీదికి వస్తుంది. ఇక మట్టిలో బొరియ చేసుకుని బ్రతికే ఒంటరి ఈగల సంగతి ఎవరికీ పట్టదు. అవి తేనె కూడబెట్టవు, నేలంతా సిమెంటు పరిస్తే నోరెత్తవు.

తెలుగులో తేనెటీగ, హిందీలో మధుమక్ఖీ, ఇంగ్లీషులో హనీ బీ - మూడు భాషలూ ఈ ప్రాణిని తేనెతోనే గుర్తించాయి. అది పంటకు చేసే మేలుకు మనకున్న ‘పరాగసంపర్కం’ అనే మాట బడిపుస్తకం దాటి బయటికి రాలేదు. ప్రభుత్వ పత్రాలకు కూడా ఆ తేనే అంటుకున్నది కాబోలు!

పురుగుమందుల విషయంలోనూ ఇంతే. 2018లో ఐరోపా సమాఖ్య మూడు నియోనికోటినాయిడ్ మందులను ఆరుబయట పొలాలలో వాడరాదని నిషేధించింది. వాటిలో ఒకటైన ఇమిడాక్లోప్రిడ్ మన చేలలో ఇంకా వాడుకలోనే ఉన్నది.

గురుగ్రామ్ అంచున, ఒకప్పుడు గనులు తవ్వి వదిలేసిన నేలలో పౌరులు, పురపాలక సంస్థ కలిసి ఆరావళి చెట్లనే నాటారు. 2022లో ఆ వనానికి, రక్షిత అడవుల వెలుపల జీవవైవిధ్యాన్ని కాపాడే ప్రదేశంగా దేశంలోనే మొదటి గుర్తింపు లభించింది. అక్కడ తేనె ఎంత దిగుబడి వచ్చిందని ఎవరూ అడగరు. నగరం లోపల ఇంతపాటి నేల దొరకకపోవచ్చు. కాని ఎలాగూ వలసపోయే ఈగలకు, మనుషులకు అందనంత ఎత్తున కట్టిన పట్టునైనా, ఆ కొద్ది నెలలూ వదిలిపెట్టమని కాలనీలకు ఒక ఉత్తర్వు పంపడానికి కోట్ల రూపాయలు అక్కరలేదు.