తపాలా బిళ్ళ లేని ఉత్తరం

కాజీపేట దాటి హైదరాబాదు రోడ్డున కొద్ది దూరం పోతే మడికొండ. మెట్టుగుట్ట మీది రామలింగేశ్వరుని గుడి, ఎవరో పనిగట్టుకొని పేర్చినట్లున్న రాతి దొంతులు బస్సులోనుంచే పలకరిస్తాయి. ‘పోతన చరిత్రము’ వ్రాసిన వానమామలై వరదాచార్యులు పుట్టినదీ, కాళోజీ పెరిగినదీ ఈ ఊరే. అక్షరానికి కొదువలేని చోటు.

ఇక్కడ ఒక మిత్రుని పాత ఇల్లు విప్పుతుంటే అటకమీదినుంచి సందుగ ఒకటి దిగింది. అడుగున చిన్నగా మడిచిన ఉత్తరాలు. కవర్లు లేవు. కాగితాన్నే మడిచి, లక్క వేసి, పైన చిరునామా వ్రాశారు.

“సారూ, తపాలా బిళ్ళలు పుట్టకముందువి కావచ్చు. మంచి ధర పలుకుతదేమో!” అన్నాడు మిత్రుడు.

“లేకుంటే పాత కాగితాలవాడున్నాడు గదా,” అన్నది ఇల్లాలు.

ఉత్తరాల ఆయుష్షు ఆ రెండు మాటల మధ్య వేలాడుతున్నది!

ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ళ 1840లో ఇంగ్లండులో వచ్చింది. మన దేశంలో 1852లో సింధులో తలచూపి, 1854 అక్టోబరులో కంపెనీ ఏలుబడి అంతటికీ వచ్చింది. పావు తులం ఉత్తరానికి, దూరంతో నిమిత్తం లేకుండా, అర్ధణా. అంతకుముందు దూరాన్నిబట్టి, బరువునుబట్టి రుసుము. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీయాత్రకు బయలుదేరి, మిత్రునికి లేఖలుగా తన ప్రయాణం వ్రాసినది ఆ కాలంలోనే. నిజాం రాజ్యంలో తొలి బిళ్ళ 1869లో గాని రాలేదు. మడికొండ ఉత్తరానికి లెక్క చూడవలసినది ఈ సంవత్సరమే.

అయితే బిళ్ళ లేనంతమాత్రాన పాతదని చెప్పరాదు. బిళ్ళలు వచ్చిన తర్వాతకూడ బేరింగు ఉత్తరాలు నడిచాయి. రుసుము పుచ్చుకొనేవారే చెల్లించేవారు. బిళ్ళను నానబెట్టి ఊడదీసిన ఉత్తరాలూ ఉంటాయి. అక్కడ జిగురు మరక కనిపిస్తుంది. తపాలాలో నడిచిన పాత ఉత్తరంమీద ఊరిపేరుతో సిరాముద్రయో, ‘పెయిడ్’ అనో ‘బేరింగు’ అనో ముద్రయో, చేతితో వేసిన రుసుము అంకెయో ఉండాలి.

మా ఉత్తరాల్లో ఒకదానిపైన ‘ఆనంద నామ సంవత్సరం’ అని ఉన్నది. అరవై ఏళ్ళకొకసారి తిరిగివచ్చే పేరు గదా! 1794, 1854, 1914 — మూడూ ఆనందలే. కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే లోపల నీటిగుర్తు, దానిక్రింద 1851 అన్న అంకె. ఇంగ్లండు కాగితాలమీద తయారైన ఏడు ఇలా ఉండటం పరిపాటి. అంటే 1794 కొట్టివేయవచ్చు. 1851 కాగితం 1914దాకా దాచి వ్రాశారనుకోవడమూ కష్టమే. మిగిలింది 1854. తిథీ వారమూ పాత పంచాంగంతో సరిపోతే మాట రూఢి అవుతుంది.

ఇక ముద్రలకోసం వెదికితే ఒక్కటీ లేదు! ఎవరో మనిషి మొలలో దోపుకొని నడిచివచ్చి అందించిన ఉత్తరమన్నమాట. తపాలా చరిత్రలో దానికి పెద్ద విలువ లేదు. మిత్రుని ముఖం కొంచెం వాడింది. కాని లోపల వడ్ల ధర, బిడ్డ పురుడు, చెరువు నిండిన వార్త ఉన్నవి. ఆ ఇంటి చరిత్రకు అంతకుమించిన సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

మీ ఇండ్లలోనూ ఇటువంటి కట్టలుండవచ్చు. బిళ్ళకోసమో ముద్రకోసమో కత్తెర వేయకండి. అతుకు టేపు అంటించకండి. మడత మడతగానే, పొడిచోట దాచండి. చిరునామా, ముద్ర, మడత, మాట — నాలుగూ కలిసి ఉన్నప్పుడే ఉత్తరం తన వయస్సు తాను చెప్పుకొంటుంది.