అమ్మ తోలిన ఈగలు

మా అమ్మ చేటలో బియ్యం పోసుకుని లేని రాళ్ళు ఏరేది. తెల్లటి గింజల మధ్య నల్లగా ఏదో కనపడితే వేలు పెట్టేది. వేలు పెట్టేసరికి అది పక్కకి జారిపోయేది. "ఏటో ఈగలే, కళ్ళముందర తిరుగుతన్నాయి" అని చెయ్యి విసిరేది. మేమంతా నవ్వేవాళ్ళం. నాన్నయితే "మీ అమ్మ పనీపాటా లేక ఈగలు తోలుకుంటోంది" అనేవారు. రోజూ పన్నెండు మందికి వండి పెట్టే మనిషిని పట్టుకుని!

1989 సంక్రాంతి ముందు, ఆ కంట్లో మెరుపులు మెరుస్తున్నాయంది. ఈగలు ఒకటీ రెండూ కాదు, మసి చల్లినట్టు వచ్చాయంది. అరిసెల పిండి కొట్టించాలి, అల్లుళ్ళు వస్తారు... పండగ వెళ్ళాక చూద్దామన్నారు. అన్నది నాన్న ఒక్కరే కాదు, అప్పటికే బీఎస్సీ చదివి ఉన్న నేను కూడా. కనుమ నాటికి కింద నుంచి నల్లటి తెర లేస్తోందని చెప్పింది. ఎలమంచిలి నుంచి విశాఖ అరవై కిలోమీటర్ల చిల్లర. ఆ దూరం మేం తీసుకెళ్ళేసరికి రెటీనా ఊడిపోయి చాలా రోజులైందన్నారు. ఆ కంటికి మళ్ళీ చూపు రాలేదు. అమ్మ ఎవర్నీ ఏమీ అనలేదు. ఆ తర్వాత బియ్యం మాత్రం మమ్మల్నే ఏరమనేది.

ముప్పై ఏళ్ళకి, 2019లో, ఆ ఈగలు నా దగ్గరికి వచ్చాయి. పదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. తెల్లకాగితం మీద ఒక ఉంగరం, దానికి వేలాడుతూ రెండు దారాలు. తుడిచాను, పోలేదు. చూపు ఎటు తిప్పితే అటు వచ్చి, కాస్త ఆలస్యంగా ఆగుతోంది. గుండె ఝల్లుమంది. ఆ సాయంత్రమే రైలెక్కి వెళ్ళి కంట్లో చుక్కలు వేయించుకుని చూపించుకున్నాను. రెటీనా బాగానే ఉందన్నారు.

నేను జీవశాస్త్రం టీచర్ని. ఎన్నేళ్ళుగానో బోర్డు మీద కన్ను బొమ్మ గీస్తున్నాను. కటకం వెనక పెద్ద ఖాళీ వదిలి 'కాచావత్ కక్ష్య' అని రాసి బాణం గీసేదాన్ని. పిల్లలకి అది రెండు మార్కుల మాట, నాకూ అంతే. అది ఖాళీ కాదని, మెత్తటి జెల్లీ అని, వయసు పెరిగేకొద్దీ ఆ జెల్లీ నీరుగారి అందులోని సన్నటి పోగులు ముద్దకడతాయని, ఒకనాడు రెటీనా నుంచి విడివడుతుందని నా కన్నే నాకు పాఠం చెప్పింది. విడివడేటప్పుడు చూపునరం దగ్గర అంటుకున్న చోటు ఉంగరంలా ఊడి తేలుతుంది. మనకి కనపడేది ఆ పోగులు కాదు, రెటీనా మీద పడే వాటి నీడ. పాతకాలం యూరప్ వైద్యులు వీటికి లాటిన్‌లో పెట్టిన పేరుకి అర్థం 'ఎగిరే ఈగలు'. వైద్యగ్రంథాల్లో ఉన్న మాటే మా అమ్మ చేట ముందు కూర్చుని అంది. దానికి మేం నవ్వాం.

చాలామందికి కొన్ని నెలల్లో మెదడు వీటిని పట్టించుకోవడం మానేస్తుందట. నాకు అలా జరగలేదు. ఉంగరం సరిగ్గా చూపు మధ్యలో ఉండేది. చదువుతుంటే అక్షరం మీద కూర్చునేది. నేనా, చదవకుండా ఉండలేను. ఊళ్ళో చూపించుకున్న డాక్టరు "వయసండీ, అలవాటు పడాలి" అన్నాడు. వైద్యం ప్రకారం ఆయన చెప్పింది తప్పేమీ కాదు. కానీ అది నాకు చెప్పలేదు, పక్కన నిలబడ్డ మా ఆయనకి చెప్పాడు. ఇక ఇంట్లో అదే మంత్రం. "వయసు. ఎక్కువ ఆలోచిస్తున్నావు. పుస్తకాలు తగ్గించు." ముట్లు ఆగిన ఆడదాని ఒంట్లో ఏది వచ్చినా ఈ మూడు మాటల్లో సర్దేస్తారు. రెండేళ్ళ పైన అలా గడిచాయి.

2022లో మా ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ, పెద్ద వైద్యానికి మేం ఇంకా విశాఖ రైలే ఎక్కుతాం. ఆ వేసవిలో చీటీ పాడిన డబ్బు పట్టుకుని వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల. ఏదీ దాచకుండా చెప్పింది. శుక్లాల ఆపరేషన్ తర్వాత పొర వస్తే కొట్టే యాగ్ లేజరే ఇదీనట. అందరికీ చెయ్యరట. పోగు కటకానికో రెటీనాకో దగ్గరగా ఉంటే ప్రమాదం. "పూర్తిగా పోతుందని మాటివ్వలేనమ్మా" అంది. 2017లో అమెరికాలో ఉంగరాలున్న 52 మంది మీద చేసిన పరీక్ష గురించి కూడా చెప్పింది. 36 మందికి నిజం లేజర్, 16 మందికి ఉత్తుత్తిది. ఆరు నెలల తర్వాత, ఇబ్బంది ఎంత తగ్గిందని అడిగితే నిజం లేజర్ వాళ్ళ లెక్క 54 శాతం, ఉత్తుత్తి వాళ్ళది 9 శాతం.

చుక్కలు వేసి, కంటి మీద ఒక అద్దం ఆనించి, గడ్డం పెట్టుకోమన్నారు. ఎర్రటి చుక్క ఒకటి వెతుక్కుంటూ వచ్చి ఆగేది. టప్. మళ్ళీ టప్. నొప్పి లేదు. మెడ మాత్రం పట్టేసింది. ఒక్కో దెబ్బకీ పోగు కాస్త ఆవిరై బుడగ పుడుతుంది. ఆ బుడగలు నాకు కిందకి దిగుతున్నట్టు కనపడ్డాయి. కంట్లో అవి నిజానికి పైకి పోతాయి. రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి మనకి దిగుతున్నట్టు ఉంటుంది. గడ్డం అలాగే ఆనించి, ఇది పిల్లలకి చెప్పాలి అనుకున్నాను. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది!

మొదలుపెట్టే ముందు డాక్టరమ్మ మా ఆయన్ని పిలిచి పక్కనున్న తెర చూపించింది. నా కన్ను లోపల, వెలుగులో, బూడిదరంగు ఉంగరం ఊగుతోంది. "అరె, నిజంగానే ఉందే!" అన్నారాయన. ఆ 'నిజంగానే' నాకు లేజర్ కన్నా గట్టిగా తగిలింది. రెండేళ్ళు నేను చెప్పింది చాలలేదు, యంత్రం చెబితే సరిపోయింది. తిరుగు రైల్లో దువ్వాడ దాటేదాకా ఆయనతో మాట్లాడలేదు. తాడి దగ్గర వేరుశెనక్కాయల పొట్లం నా చేతిలో పెట్టారు. తిన్నాను.

రెండు విడతల్లో ఉంగరం విరిగి ముక్కలైంది. ఎడమ మూల ఒక దారం మిగిలింది. తెల్లారి డాబా మీద ఆకాశం చూస్తే ఇప్పటికీ వస్తుంది. చదువు మాత్రం సాగుతోంది. తగ్గిందాంట్లో లేజర్ వాటా ఎంత, ఎవరో ఒకరు నా మాట నమ్మారన్నదాని వాటా ఎంత అని అప్పుడప్పుడు లెక్క వేస్తుంటాను. ఆ 9 శాతాన్ని నేను తీసిపారెయ్యను.

కిందటేడు ఒక పొద్దున్న అనకాపల్లి నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. మాటల మధ్య, "వదినా, రాత్రి నుంచి కంట్లో మెరుపులొస్తున్నాయి, మసి రాలినట్టుంది. ఆదివారం మీ ఊరొచ్చినప్పుడు చెబుతాలే" అంది. "ఆదివారం కాదు, ఇప్పుడే. స్టేషన్‌కి వచ్చెయ్, నేనిక్కడ రైలెక్కుతున్నాను" అన్నాను. మా ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు. రెటీనాకి చిన్న చిరుగు పడిందన్నారు. చిరుగు చుట్టూ కాల్చి అతికించే లేజర్ వేరు, అది చేశారు. ఊడిపోకుండా ఆగింది.

బయటికొచ్చి నల్లద్దాలు పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అన్నం వార్చకుండా వచ్చేశాను వదినా" అంది.